దోర్నకల్లులో ఒక ఆదివారం

బెజవాడ నుంచి కాజీపేట వైపు వెళ్ళే రైల్లో మీరెప్పుడైనా ప్రయాణం చేసి వుంటే దోర్నకల్లు జంక్షను చూసే వుంటారు. చూసి వుంటారు గాని, దిగి వుండరు. ఖమ్మం దాటిన కాసేపటికి వస్తుందది. అక్కడ లైను చీలి ఒక కొమ్మ కొత్తగూడెం బొగ్గుగనుల వైపు పోతుంది. ఆ చివరి స్టేషను పేరు మాత్రం భద్రాచలం రోడ్డు. రాములవారిని చూడబోయేవాళ్ళూ, బొగ్గు తవ్వబోయేవాళ్ళూ ఒకే బండి కోసం ఒకే ప్లాటుఫారం మీద కాచుకుని కూర్చుంటారు. మిగిలిన మనం కిటికీలోంచి టీ కొనుక్కుని, తాగి, ముందుకి పోతాం.

నేనూ అలా పోయినవాణ్ణే. నిజానికి అది మా అక్కయ్య అత్తవారి వూరు. అయినా పంతొమ్మిదేళ్ళలో నేనక్కడ దిగింది రెండేసార్లు. ఆ రెండూ నాన్నగారికి తెలియకుండా, ఆఫీసు పనిమీద హైదరాబాదు వెళ్తున్నానని చెప్పి. మొన్న మూడోసారి దిగినప్పుడు ఎనభై దాటిన నాన్నగారి చెయ్యి నా చేతిలో వుంది. అందుకే ఈ నాలుగు ముక్కలూ రాయాలనిపించింది.

మా ఇంటి సంగతి కొంచెం చెప్పకపోతే ఈ ప్రయాణం మీకు అర్థం కాదు. మాది ఒంగోలు దగ్గర పల్లె. మేము బాప్టిస్టులం. మా నాన్నగారి తాతగారు ధాత కరువు చూసిన మనిషి. 1876 మొదలు 78 దాకా చెన్నపట్నం రాజధానిని పీల్చి పిప్పిచేసిన కరువు అది. ఆ రోజుల్లో ఒంగోలులో క్లౌ దొర అని ఒక అమెరికన్ మిషనరీ వుండేవాడు. ఆయన బకింగ్‌హాం కాలవ తవ్వకంలో కొన్ని మైళ్ళ పని కంట్రాక్టుకి తీసుకుని, ఆకలితో వున్న వేలమందికి పలుగూ పారా ఇచ్చి కూలి ఇప్పించాడు. పని దొరికినవాళ్ళు మతంలో కలుస్తామంటే మాత్రం కరువు తీరేదాకా ఒక్కరికీ బాప్తిస్మం ఇవ్వలేదు. గంజి కోసం దేవుణ్ణి ఒప్పుకున్నారన్న మాట రాకూడదని ఆయన పట్టుదల. కరువు వెనకబట్టాక, 1878 జూలై 3న, వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మ యేటిలో ఒక్కరోజున 2,222 మందికి బాప్తిస్మం జరిగింది. ఇచ్చినవాళ్ళు మన తెలుగు బోధకులు ఆరుగురు, ఇద్దరిద్దరు వంతులవారీగా నీళ్ళలో నిలబడి. ఆ రోజు మునిగి లేచిన వాళ్ళలో మా ముత్తాత ఒకడని ఇంట్లో చెప్పుకుంటారు. మా నాన్నగారికి అదొక వంశవృక్షం, అదొక బిరుదు, అదొక ఆస్తి. మాకు వేరే ఆస్తి లేదు గనక దానికి విలువ ఇంకా పెరిగింది.

బాప్టిస్టులకి బాప్తిస్మమంటే తెలివి వచ్చిన మనిషి తనంతట తాను నమ్మి, నీళ్ళలో పూర్తిగా మునిగి లేవడం. పసిబిడ్డ నెత్తిన నాలుగు చుక్కలు చల్లితే అది లెక్కలోకి రాదు. మా పెద్దల్లో పట్టింపు గలవాళ్ళ ప్రకారం, అలా మునగనివాడు ప్రభు భోజనపు బల్ల దగ్గర కూడా కూర్చోరాదు. మా అక్కయ్య గుంటూరులో టీచరు ట్రెయినింగు చదివే రోజుల్లో మనసిచ్చిన కుర్రాడు దోర్నకల్లు వాడు, దక్షిణ ఇండియా సంఘం వాడు. మూడు నెలల వయస్సులో తల్లి వొళ్ళో నిద్రపోతూ బాప్తిస్మం పొందినవాడు.

"నెత్తిన నీళ్ళు చిలకరించినవాడికి పిల్లనిస్తే రేపు గుండ్లకమ్మకి నా మొహం ఎలా చూపించను?" అన్నారు నాన్నగారు.

మా సంఘం పెద్దలు ఆయన మాటే సబబన్నారు. పెళ్ళి దోర్నకల్లులో జరిగింది. అమ్మ ఆ పూట వంటింట్లోంచి బయటికి రాలేదు. ఆ తరవాత ఏడేళ్ళకి అమ్మ పోయింది. అప్పుడు అక్కయ్యా బావా వచ్చి, నాన్నగారు పలకరించకపోయినా మూడు రోజులుండి వెళ్ళారు.

వేరే మతం చదువరులకి ఇదంతా నవ్వులాటగా కనిపించవచ్చు. ఒకే దేవుడు, ఒకే పుస్తకం, నీళ్ళు చెంబుడా యేరుడా అని తగువేమిటి అనవచ్చు. నవ్వండి గాని, తిక్కన సోమయాజి తన భారతాన్ని హరుడూ హరీ ఒకటే అయిన హరిహరనాథుడికి అంకితమిచ్చాడంటే, ఆ కాలంలో శివుడి బంట్లకీ విష్ణువు బంట్లకీ మధ్య యెంత పేచీ వుండి వుండాలో ఒక్కసారి ఆలోచించండి. దూరపువాడితో మనకి తగువుండదు. పక్కింటివాడితోనే గోడ దగ్గర లెక్కలు వస్తాయి.

మొన్న అక్కయ్య ఫోను చేసింది. పెద్దమ్మాయికి కన్ఫర్మేషను అయిందిట, వచ్చే ఆదివారం మొదటిసారి ప్రభు భోజనం తీసుకుంటుందిట. "తాతయ్య వస్తాడా అని అడుగుతోందిరా. రాడని చెప్పలేక నీకు చేశాను" అంది. నేను ఫోను నాన్నగారి చేతికిచ్చాను. ఆయన విన్నారు, మాట్లాడలేదు, తిరిగి నా చేతికిచ్చేశారు. మర్నాడు పొద్దున ధోవతులు రెండు ఇస్త్రీకి వేయమన్నారు.

"గుళ్ళో కూర్చుంటాను. బల్ల దగ్గరికి మాత్రం రాను. ముందే చెప్పు వాళ్ళకి" అన్నారు రైలెక్కుతూ.

బెజవాడలో బండి మారి, మధిర, ఖమ్మం దాటి, మధ్యాహ్నం మూడింటికి దోర్నకల్లులో దిగాం. ఒకప్పుడు నిజాం రాజ్యం, ఆ తరవాత వరంగల్లు జిల్లా, 2016 నుంచి మహబూబాబాదు జిల్లా. వూరు చిన్నదే. రైల్వే క్వార్టర్లూ, కిరాణా దుకాణాలూ, మిరపకాయ బస్తాల ఘాటూ. స్టేషనుకి బావా, ఇద్దరు పిల్లలూ వచ్చారు. బావ నాన్నగారి చేతిలోని పెట్టె అందుకోబోతే ఆయన ఇవ్వలేదు. చిన్నపిల్ల అందుకుంటే ఇచ్చారు. పది అడుగులు పోయాక పెట్టె బావ భుజం మీదికి యెలా చేరిందో ఆయన చూడనట్టే నడిచారు.

ఇంటి గుమ్మంలో బావ తల్లి చెంబుతో నీళ్ళు పట్టుకుని నిలబడి వుంది. "ఇన్నేండ్లకు మా ఇంటి తొవ్వ దొరికిందా అన్నా! కాళ్ళు కడుక్కో, లోపలికి రా" అంది. ఇంకేమీ అనలేదు. పంతొమ్మిదేళ్ళ లెక్కని అంత తేలిగ్గా చెల్లువేసినవాళ్ళని నేను మళ్ళీ చూడలేదు. అక్కయ్య మాత్రం వంటింటి తలుపు పక్కనే నిలబడిపోయింది. నాన్నగారు ఆవిణ్ణి చూసి, "చిక్కిపోయావేం?" అన్నారు. నిజానికి అక్కయ్య లావెక్కింది.

సాయంత్రం బావ మమ్మల్ని గుడి చూడ్డానికి తీసుకెళ్ళాడు. గుడి అంటే దేవాలయమే. తెలుగు క్రైస్తవులు చర్చిని దేవాలయమనే అంటారు. ఈ దేవాలయాన్ని చూసినవాడెవడికీ మొదటి చూపులో చర్చి అనిపించదు. దూరం నుంచి గుమ్మటాలు చూసి మసీదేమో అనుకుంటాం. దగ్గరికి పోతే కమానులూ, మినార్లలాంటి బురుజులూ ఆ మాటే నిజమంటాయి. లోపలికి అడుగుపెడితే వేరే లోకం. గుడి మండపంలో వున్నట్టు రాతి స్తంభాలు, వాటిమీద తామరపువ్వుల చెక్కడం. వేదిక వైపు చూస్తేనే గాని సిలువ కనపడదు. ఇంగ్లండులో వుండే కోసుగోపురం కోసం వెతికితే దొరకదు. మెదకులో వెస్లియన్ మెథడిస్టులు 1924లో ప్రతిష్ఠ చేసిన మహా దేవాలయం చూసినవాళ్ళకి ఈ తేడా బాగా తెలుస్తుంది. అది ఇంగ్లండు నుంచి వచ్చి మన రాయి కట్టుకుంది. ఇది ఇక్కడే పుట్టి, ఇరుగు పొరుగు ఇళ్ళ నగలు అడిగి పెట్టుకుంది.

"యెవరు కట్టించారు?" అన్నారు నాన్నగారు స్తంభం మీద చెయ్యి వేసి.

"అజరయ్య బిషప్పుగారండీ. అరవాయన" అన్నాడు బావ.

వేదనాయగం శామ్యూల్ అజరయ్య. 1874లో తిరునెల్వేలి జిల్లా వెళ్ళాలన్‌విళై అనే పల్లెలో పుట్టాడు. తండ్రి ఆంగ్లికన్ గురువు. చదివింది మద్రాసు క్రైస్తవ కళాశాలలో. 1903లో తిరునెల్వేలి క్రైస్తవులు తమ సొంత డబ్బుతో, దొరల సాయం లేకుండా ఒక మిషను పెట్టుకున్నారు. ఆ పనికి పూనుకున్నవాళ్ళలో ఈయన ముఖ్యుడు. ఆ మిషను యెంచుకున్న చోటు తెలుగుదేశంలోని ఈ మారుమూల. ఇతరుల్ని పంపించి వూరుకోవడం నచ్చక, 1909లో తానే వచ్చేశాడు. ముప్పైయైదేళ్ళ వయస్సులో తెలుగు అక్షరాలు దిద్దాడు. మొదట్లో వూరి బయట గుడారంలో కాపురం వుండేవాడంటారు. తరవాత కూడా యెడ్లబండి మీదా, సైకిలు మీదా పల్లెలు తిరిగాడు.

ఆ మర్నాటి సంవత్సరమే, 1910లో, స్కాట్లండులోని ఎడింబరోలో ప్రపంచ మిషనరీ మహాసభ జరిగింది. అజరయ్యని మాట్లాడమన్నారు. ఆయన లేచి, దొరల ముందు, దొరల సంగతే మాట్లాడాడు. మీరు మా కోసం ఆస్తులిచ్చారు, ప్రాణాలిచ్చారు, కాదనను. కాని మా పక్కన కూర్చోలేకపోయారు, మాకు కావలసింది స్నేహితులు — ఆ ధోరణిలో సాగింది ఆ ప్రసంగం. సభలో కొందరు మొహం ముడుచుకున్నారు. అయినా మూడేళ్ళు తిరక్కుండా, 1912 డిసెంబరు 29న, కలకత్తాలో ఆయన్ని దోర్నకల్లు బిషప్పుగా అభిషేకించారు. ఆంగ్లికన్ సంఘంలో బిషప్పు అయిన మొదటి భారతీయుడు ఆయనే. నల్లవాడి చేతికింద తెల్లవాళ్ళు పనిచేయడమేమిటని అంతకుముందు చాలా గొణుగుడు జరిగింది. ఆయన మండలం పెరిగి పెరిగి 1940ల నాటికి అందులో రెండు లక్షల పైచిలుకు జనం చేరారు. చాలామంది మాలపల్లెల, మాదిగపల్లెల వాళ్ళు.

ఆయన్ని మెత్తటి మనిషి అనుకోకండి. మతం మార్పుల విషయంలో గాంధీగారితోనే 1930లలో గట్టిగా విభేదించాడు. తన నమ్మకాన్ని చాపచుట్టి చంకన పెట్టుకునే రకం కాదు. అటువంటివాడు ఇరుగుపొరుగు గుళ్ళ స్తంభాలూ, మసీదుల గుమ్మటాలూ తెచ్చి తన దేవాలయానికి పెట్టుకున్నాడంటే అందులో నాకొక రుచి కనిపిస్తుంది. డబ్బు చాలక పని యేళ్ళ తరబడి సాగి, చివరికి 1939 జనవరి 6న ప్రతిష్ఠ అయింది. ఆ తేదీకి అర్థం వుంది. తూర్పుదేశపు జ్ఞానులు, అంటే యూదులు కానివాళ్ళు, పరాయివాళ్ళు, నక్షత్రాన్ని చూసుకుంటూ శిశువు దగ్గరికి వచ్చిన పండుగ రోజు అది. ఆ పండుగ పేరే దేవాలయానికి పెట్టారు.

దేవాలయం ఆవరణలో ఆయన సమాధి వుంది. నాన్నగారు దాని ముందు చాలాసేపు నిలబడ్డారు. ఆయన రిటైరైన బడిపంతులు. తేదీలు కనిపిస్తే కూడికలూ తీసివేతలూ వేయకుండా వుండలేరు.

"1945 జనవరి ఒకటి. అయితే మీ సంఘాలన్నీ కలవడం ఈయన చూడలేదన్నమాట."

"లేదండీ. ఇంకా రెండేళ్ళ తొమ్మిది నెలలుంది."

ఆ కలయిక సంగతి చదువరులకి కొంచెం చెప్పాలి. 1919 మే నెలలో తరంగంబాడిలో ఒక చిన్న సమావేశం జరిగింది. 1706లో మొదటి ప్రొటెస్టంటు మిషనరీలు దిగిన వూరది. వచ్చినవాళ్ళు ముప్పైముగ్గురు, ఇద్దరు తప్ప అందరూ భారతీయులే. అజరయ్య అందులో ప్రముఖుడు. ఆంగ్లికన్, ప్రెస్బిటేరియన్, కాంగ్రిగేషనల్ అన్న ఈ చీలికలు మనం తెచ్చుకున్నవి కావు. ఇంగ్లండులో, స్కాట్లండులో యెవరి తాతలో కొట్టుకుంటే ఆ గోడలు తెచ్చి మన పెరట్లో కట్టారు. వీటిని మనం మోయనక్కర్లేదు — ఇదీ వాళ్ళు తేల్చిన సారాంశం. తరవాత వెస్లియన్ మెథడిస్టులు కూడా చర్చల్లోకి వచ్చారు. ముప్పైముగ్గురు రెండు రోజుల్లో తేల్చినదాన్ని కమిటీలు ఇరవై యెనిమిదేళ్ళు నమిలాయి. కమిటీలంటే అంతే మరి.

నాన్నగారికి అసలు సందేహం అక్కడే వచ్చింది. దేవాలయం మెట్లమీద కూర్చుని, "బిషప్పులే లేనివాళ్ళు బిషప్పుల్ని యెలా ఒప్పుకున్నారయ్యా? బిషప్పు చెయ్యి తల మీద పడనివాడు గురువే కాడనేవాళ్ళు వీళ్ళనెలా ఒప్పుకున్నారు?" అని అడిగారు. బావతో ఆయన నేరుగా మాట్లాడిన మొదటి మాట అదే అనుకుంటాను.

బావ కూడా పంతులే. ఓపిగ్గా చెప్పాడు. కలిసే రోజున యే సంఘంలో గురువైనవాడు ఆ గురువుగానే వుంటాడు, యెవరికీ మళ్ళీ అభిషేకం అక్కర్లేదు. ఇకముందు అయ్యేవాళ్ళకి మాత్రం బిషప్పులు చేతులుంచుతారు. అలా ముప్పై యేళ్ళు గడిచాక మిగతా సంగతి చూసుకుందాం. అన్నిటికన్నా ముఖ్యం, అందరూ కలిసి ఒక మాట ఇచ్చుకున్నారు: యే వూరి సంఘం మీదా వాళ్ళ మనస్సాక్షికి కష్టం కలిగించే ఆరాధన పద్ధతిని గాని, గురువుని గాని బలవంతంగా రుద్దకూడదు.

"అంటే యెవడి తప్పు వాడు చేసుకోవచ్చునన్నమాట" అన్నారు నాన్నగారు.

"యెదటివాడిది తప్పని తేలేదాకా ఆగుదామన్నమాటండీ" అన్నాడు బావ.

నాన్నగారు నా వైపు చూశారు. నేను గుమ్మటం మీది పావురాల వైపు చూశాను.

అంత మెత్తటి మాటకి కూడా ఇంగ్లండులో యెంత గొడవ జరిగిందో! కవి టి. ఎస్. ఇలియట్ ఈ ఐక్యత పథకం మీద 1943లో ఒక కరపత్రమే రాశాడు. ఇది కలపడం కాదు, కూలగొట్టడం అని ఆయన వాదం. తుదకు 1947 సెప్టెంబరు 27న మద్రాసు సెయింట్ జార్జి కథీడ్రలులో దక్షిణ ఇండియా సంఘం యేర్పడింది. దేశానికి స్వాతంత్ర్యం వచ్చి అప్పటికి ఆరు వారాలు. దేశం రెండుగా చీలి నెత్తురు పారుతున్న రోజుల్లో పది లక్షల పైగా మనుషులు నాలుగు రకాల గుళ్ళలోంచి నడిచి వచ్చి ఒక్కటయ్యారు. బిషప్పంటే గిట్టని సంప్రదాయంలో పెరిగినవాళ్ళు కూడా ఆ రోజు కొత్తగా బిషప్పులయిన తొమ్మండుగురిలో వున్నారు.

అందరూ కలిశారనుకుంటే పొరపాటు. అజరయ్యగారి సొంత మండలంలోనే నంద్యాల వైపు ఆంగ్లికన్లు చాలామంది మేము రామన్నారు. వేలాదిమంది విడిగానే వుండిపోయారు. 1963లో వాళ్ళకి వేరే బిషప్పు మండలం కూడా యేర్పడింది. మళ్ళీ 1970లలో గాని వాళ్ళు దక్షిణ ఇండియా సంఘంలో చేరలేదు. తొందరపడి తలుపు మూయకపోతే ఒక్కొక్కసారి పాతికేళ్ళ తరవాత కూడా మనిషి వస్తాడు. మా బాప్టిస్టులూ, గుంటూరు లూథరన్లూ అసలు రానేలేదు. నాన్నగారు ఆ సంగతి కూడా అడిగారు.

"మమ్మల్నెందుకు కలుపుకోలేదు?"

"మీరు రాలేదు మావయ్యగారూ" అన్నాడు బావ నవ్వుతూ.

ఇంకొక సంగతి దాచకుండా చెప్పాలి. నాలుగు సంఘాలు కలవడం కన్నా, ఒకే వూళ్ళో మాలపల్లె, మాదిగపల్లె కలవడం కష్టం. ప్రభు భోజనంలో ఒకే గిన్నెలోంచి అందరూ తాగాలి. వెనకటి రోజుల్లో ఆ గిన్నె దగ్గర యెన్ని పల్లెల్లో యెన్ని పెదవులు బిగుసుకున్నాయో అవి కూడా మా పెద్దలు చెప్పిన కథలే. పల్నాట బ్రహ్మనాయుడు అన్ని కులాలవాళ్ళనీ ఒక చాప మీద కూర్చోబెట్టి అన్నం పెట్టాడని చాపకూడు సంగతి మనం గొప్పగా చెప్పుకుంటాం. ఆ చాప తరవాత యెవరు చుట్టి అటకెక్కించారో మాత్రం చెప్పుకోం. పెద్ద పెద్ద దేవాలయాలు కట్టాక ఆస్తుల కోసం కోర్టులెక్కడం కూడా అన్ని సంఘాల్లోనూ వున్నదే. బావ ఆ మాట వచ్చినప్పుడు తల వంచుకున్నాడు.

ఆదివారం పొద్దున్న ఇల్లంతా మల్లెపూల వాసన. మేనకోడలు తెల్ల వోణీ వేసుకుంది. నాన్నగారి కాళ్ళకి దణ్ణం పెడితే ఆయన నెత్తిన చెయ్యి వేసి, యెంతసేపటికీ తీయలేదు. దేవాలయంలో వెనక నుంచి నాలుగో వరసలో కూర్చున్నాం. ఆయన కోరిన చోటే.

పాటలు మాకు తెలిసినవే. ఒకే కీర్తనల పుస్తకం గనక నాన్నగారి గొంతు మొదట సణుగుతూ, మూడో చరణానికి బయటపడింది. ప్రసంగం అయింది. ఆ తరవాత వాళ్ళ ఆరాధనలో ఒక పద్ధతి వుంది. 1950లో తయారైన ఆరాధన క్రమంలో కేరళ సిరియన్ క్రైస్తవుల దగ్గర నేర్చుకుని పెట్టుకున్నారుట. గురువుగారు బల్ల దగ్గర నుంచి సమాధానమిస్తారు. అంటే శాంతి. అది నోటి మాట కాదు, చేతుల్లో చేతులు. ఒకరి కుడి అరచేతిలో మరొకరి కుడి అరచెయ్యి, పైన ఎడమ చెయ్యి మూసి, అలా ఒకరి నుంచి ఒకరికి, వరస నుంచి వరసకి, వెనక దాకా నడిచి వస్తుంది. మా వరస చివర బొగ్గుగనిలో పనిచేసి రిటైరైన ముసలాయన వున్నాడు. ఆ చేతివేళ్ళు రెండు వంకర పోయి వున్నాయి. ఆయన నాన్నగారి వైపు తిరిగి రెండు చేతులూ చాచాడు. నాన్నగారు ఒక్క క్షణం ఆగారు. తరవాత తన చేతులు అందులో పెట్టారు. ఇక అది ఇవ్వవలసింది అటు పక్క కూర్చున్న మనిషికి. అటు పక్క కూర్చున్నది బావ.

నేను పాటల పుస్తకంలో తల దూర్చాను. అందువల్ల యెలా జరిగిందో చూడలేదు. బావ దగ్గర నుంచి నాకు వచ్చినప్పుడు ఆ చేతులు చల్లగా వున్నాయి.

తరవాత ప్రభు భోజనం. వరసలు లేచి ముందుకి పోతున్నాయి. అక్కయ్యా, మేనకోడలూ, బావ తల్లీ లేచారు. నేనూ లేచాను. నా సంగతి నాన్నగారు అడగలేదు, నేను చెప్పలేదు. నాన్నగారు కదలకుండా కూర్చున్నారు, చేతికర్ర రెండు మోకాళ్ళ మధ్యా నిలబెట్టుకుని. దేవాలయమంతా నిలబడి వుంటే ఆయనొక్కరే కూర్చున్నట్టు వుంది. నాలుగడుగులు వేసి వెనక్కి చూశాను. ఒక్కరే కాదు. పక్కన బావ కూడా కూర్చునే వున్నాడు.

కన్నకూతురు మొదటిసారి బల్ల దగ్గర మోకరించే రోజు. అక్కయ్య వెనక్కి చూసి, కళ్ళతో రమ్మంది. బావ చిన్నగా తల వూపి పొమ్మన్నాడు. తండ్రి లేని చోటు చూసుకుని పిల్ల కూడా ఒకసారి తిరిగి చూసింది. తరవాత తెలిసినదేమంటే నాన్నగారు నెమ్మదిగా, "వెళ్ళు, అమ్మాయి చూస్తోంది" అన్నారుట. "మోకాళ్ళు పట్టేశాయి మావయ్యగారూ, వంగలేను" అన్నాడుట బావ.

మధ్యాహ్నం భోజనాలు. కోడికూర, గారెలు, దోర్నకల్లు మిరపకాయలతో నూరిన పచ్చడి. నాన్నగారికి పళ్ళు లేవని బావ తల్లి ముక్కలు మెత్తగా వండింది. ఆయన మేనకోడల్ని పక్కన కూర్చోబెట్టుకుని, గుండ్లకమ్మలో రెండువేల రెండువందల ఇరవై రెండు మంది కథ మొదలుపెట్టారు. ఆ పిల్ల, "ఒక్కరోజులోనా తాతయ్యా? నీళ్ళు మురికి కాలేదూ?" అంది. ఆ ప్రశ్న ఇంత కాలం మా ఇంట్లో యెవరికీ తట్టలేదు. నాన్నగారు గట్టిగా నవ్వారు. అమ్మ పోయాక ఆయన అలా నవ్వగా నేను వినలేదు.

సాయంకాలం బండికి బయలుదేరాం. పెట్టె ఈసారి నేరుగా బావ చేతికే ఇచ్చారు. అందులో పచ్చడి జాడీ చేరి, పోయేటప్పటి కంటే బరువైంది. బావ దాన్ని భుజాన వేసుకుని, జంక్షను వంతెన మెట్లు చకచకా యెక్కి, చకచకా దిగి, మా పెట్టెలో సీటు కింద తోసి, వంగి గొలుసు కూడా కట్టాడు. నాన్నగారు ఆ మోకాళ్ళ వైపే చూస్తూ నిలబడ్డారు.

ఖమ్మం దాకా ఏమీ మాట్లాడలేదు. మధిర దాటింది. బెజవాడలో బండి మారాం. రైలు కృష్ణ వంతెన మీదికి వచ్చింది. కింద చీకట్లో నీళ్ళ మీద దీపాలు.

"క్రిస్మసుకి వాళ్ళని రమ్మని రాయాలి" అన్నారు.

"ఫోను చేస్తాను నాన్నా."

"ఫోను కాదు. అల్లుణ్ణి పిలవడమంటే ఉత్తరం వుండాలి. నేనే రాస్తాను. వాళ్ళ ఇంటి నంబరు చెప్పు."

నేను తడబడ్డాను. అక్కయ్యనడిగి చెబుతానన్నాను.

"అడగడమెందుకు? నువ్వు రెండుసార్లు వెళ్ళి వచ్చావుగా, నీకు తెలిసే వుంటుంది" అన్నారు నాన్నగారు, జేబులో కళ్ళజోడు వెతుక్కుంటూ.